పేజీ ఎనభై ఏడు

ఫియానరంత్సువా అంటే మా భాషలో
మంచి చదువు అబ్బే చోటు.
ఊరి పేరే నిలదీసే ఊళ్ళో
పదో తరగతి తప్పినదాన్ని నేను.
యూనివర్సిటీ గేటుకెదురుగా
జిరాక్స్ మిషను పెట్టుకుని కూచున్నాను.

పేజీకి వంద అరియారీ.
అరువు ఆదివారం దాకా.
ఎగ్గొట్టిన వాళ్ళ పేర్లు గోడమీద సుద్దతో రాస్తాను,
వాళ్ళే వచ్చి చెరుపుకోవాలి.

సమ్మె ఏడాది,
జీతాలు రాలేదని మాస్టార్లు రాలేదు.
క్యాలెండర్లు రెండు మారాయి,
పిల్లలు రెండో సంవత్సరంలోనే ఉన్నారు.
ఫెనోసోవా అని లెక్కల కుర్రాడు,
దుప్పటి చుట్టుకుని వచ్చి
పాత ప్రశ్నపత్రాలు తీయించుకునేవాడు.
పరీక్షలెప్పుడురా అంటే
"అసలు ఉన్నాయని ముందు నిరూపించాలక్కా" అనేవాడు.
నవ్వేదాన్ని.
తర్వాత రావడం మానేశాడు.
మనకారా రేవులో లవంగాల బస్తాలు మోస్తున్నాడట.
గోడమీద మూడో పేరు వాడిది.

జులైలో మా కొండమీద చలి
వేళ్ళనుంచి మొదలవుతుంది.
థీసిస్‌లు వచ్చేదీ అప్పుడే.
నేను కాగితాలు చదవను, తూస్తాను.
లా వాళ్ళవి బరువు. లెక్కల వాళ్ళవి పలచన.
జీవశాస్త్రం వాళ్ళు రంగులడుగుతారు,
నా మిషనుకి తెలిసినవి రెండే.

వోలాతియానా వచ్చేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.
నూట పన్నెండు పేజీలు, ఐదు కాపీలు,
పొద్దున ఎనిమిదికి ఇచ్చెయ్యాలి.
మెడచుట్టూ లంబా, కళ్ళకింద నాలుగు రాత్రులు.

ఎనభై ఏడో పేజీ సగంలో ఉండగా
కరెంటు పోయింది.

వీధంతా ఒక్కసారి "హో" అంది, ఊరుకుంది.
కొవ్వొత్తి వెలిగించాను.
అడుగంటిన అన్నంలో నీళ్ళుపోసి కాచిన రానువూలా
ఫ్లాస్కులో ఇంకా వెచ్చగానే ఉంది.
ఒకటే గ్లాసు. వంతులేసుకున్నాం.

ఊరికే కూచోలేక
మొదటిసారి ఒక పేజీ ఎత్తి చూశాను.
ఫ్రెంచి. చీమలబారు.
అందులో ఒక్క చీమ దారి తప్పి
నావైపు నడిచింది:
లవాకా.

"ఇది మన మాటేగా, తప్పు పడిందేమో చూసుకో."
"తప్పు కాదక్కా. కొండ కడుపు చీలి
ఎర్రగా నోరు తెరుచుకుంటుందే,
పై దేశాల పుస్తకాల్లోనూ దాని పేరు అదే."
"గొయ్యి గొయ్యేగా. దానికి నూట పన్నెండు పేజీలా?"

నవ్వింది. తర్వాత చెప్పడం మొదలెట్టింది,
మా భాషలో, తడుముకుంటూ,
ప్రతి రెండో మాటకీ ఆగి
బల్లమీది దుమ్ములో వేలితో కొండ గీసి.
పైనుంచి పడ్డ వాన ఒక్కటే కాదట.
మట్టిలోకి ఇంకిన నీళ్ళు
లోపల్లోపలే పాదాన్ని తొలుస్తాయట.
పైన గడ్డి పచ్చగానే ఉంటుందట,
కూలే పొద్దుదాకా.

మా వరిమడి మీద కొండ జారినప్పుడు
నాకు పదహారేళ్ళు.
వాన తప్పన్నారు. పితరుల కోపమన్నారు.
ఒక ఎద్దుని కోశారు కూడా.
పదో తరగతి తప్పానని అందరితో అంటాను గానీ
ఆ ఏడు నేను పరీక్షే రాయలేదు.
మడిలో ఇసుక ఎత్తిపోశాను.

ఇది ఆ పిల్లకి చెప్పలేదు.
"పాదం దగ్గర నీళ్ళు తెల్లగా ఉంటాయా, ఎర్రగానా?" అనడిగాను.
గ్లాసు కిందపెట్టి నన్ను చూసింది.
"అదెలా తెలుసు నీకు?" అని పెన్ను తీసింది.

మూడింటికి వెలుగొచ్చింది.
మిషను దగ్గి, సగం పేజీ కక్కింది:
పైన అక్షరాలు, కింద ఖాళీ.
ఐదువందల అరవై పేజీలకి
ఐదువందల యాభై తొమ్మిదికే డబ్బు తీసుకున్నాను.
ఆ పిల్లకి లెక్క చూసుకునే ఓపిక లేదు.

ఆ సగం కాగితం
గోడమీద, మూడో పేరు పక్కన అంటించాను.
కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు,
కింద ఏమీ లేదేమిటని.

కరెంటు పోయిందర్రా, అంటాను.